పెరట్లో కాకుల పలక: కొంచెం పెట్టి, కూర్చుని చూడటం

పిచ్చుకల కోసం పెరట్లో నూకలు చల్లితే ముందు దిగేది కాకి. చాలామంది అక్కడే విసుక్కుని పళ్లెం ఎత్తేస్తారు. ఎత్తేయనక్కర్లేదు. కాకికి వేరే చోటు, వేరే మేత, వేరే వేళ చూపిస్తే పిచ్చుకలు వాటి దారిన అవి తింటాయి. పుట్టినప్పటి నుంచి కళ్ల ముందే తిరుగుతున్నా మనం నిలబడి చూడని పక్షిని దగ్గరగా చూసే వీలూ దొరుకుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లకు, ఇక్కడి ఎండకూ వానకూ తగినట్టు ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో, కూర్చుని ఏం చూడాలో, ఏం రాసుకోవాలో చెబుతాం.

ఇది కాకుల్ని సాకే పని కాదు. కాకికి మన మేతతో పనిలేదు. చేపల మార్కెట్టు, హోటళ్ల వెనక చెత్తకుప్ప, రొయ్యల గుంటల కట్టలు, మైపాడులోనో కొత్తపట్నంలోనో ఇసుకలో ఎండబెట్టిన చేపలు, దాని బతుకు దానికుంది. మనం పెట్టే పిడికెడు దాన్ని పది నిమిషాలు కళ్ల ముందు నిలబెట్టడానికే. మూడు కాకులుంటే ఏది ఏం చేసిందో చెప్పగలం. ముప్పై వచ్చాయంటే గోల తప్ప ఏమీ కనబడదు. అందుకే ఎప్పుడూ తక్కువే పెట్టాలి.

ముందు ఏ కాకో తెలియాలి

మన ఇళ్ల దగ్గర రెండు రకాలు. మెడ, రొమ్ము బూడిద రంగులో ఉండి, తల, రెక్కలు నల్లగా నిగనిగలాడేది ఊరకాకి. ముక్కు కొస నుంచి తోక చివరి దాకా 40 నుంచి 43 సెంటీమీటర్లు ఉంటుంది. ఒళ్లంతా నలుపే అయి, లావుపాటి ముక్కుతో, బొంగురు గొంతుతో అరిచేది బొంతకాకి. అది కాస్త పెద్దది. టౌను మధ్యలో ఊరకాకులదే రాజ్యం. తోటలు, చెరువు కట్టలు, సరుగుడు తోపుల పక్క ఇళ్లకు బొంతకాకులు కూడా వస్తాయి. రెండూ ఒకేసారి వస్తే మాత్రం తప్పకుండా రాసుకోండి: ఎవరు ముందు దిగారు, ఎవరు పక్కకు తప్పుకున్నారు.

జెముడుకాకి, నీటికాకి పేరుకే కాకులు. మొదటిది కోకిల కుటుంబానిది, రెండోది చేపలు పట్టే నీటిపక్షి. నోటుబుక్కులో వీటిని కాకుల లెక్కలో కలపకండి.

ఆడా మగా రెండూ ఒకేలా ఉంటాయి, కంటితో చూసి చెప్పలేం. రాతలో "మగకాకి" అని రాయాలనిపిస్తే చెయ్యి ఆపండి. పిల్లకాకిని మాత్రం నోరు తెరిచినప్పుడు పట్టేయొచ్చు. నోటి లోపల ఎర్రగా, గులాబీ రంగుగా ఉంటే ఆ ఏటి పిల్ల. పెద్దకాకి నోరు లోపల కూడా నల్లగా ఉంటుంది.

పలక, స్తంభం

మేత పెట్టడానికి చెక్క వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య వానలకు ప్లైవుడ్ ఒక్క ఏడాదిలో ఉబ్బి పొరలు లేస్తుంది, ఆ పొరల్లో మెతుకులు కుళ్లుతాయి. మార్కాపురం పలకరాయి దీనికి సరిగ్గా సరిపోతుంది. 35 సెంటీమీటర్ల చదరం, ఒక సెంటీమీటరు మందం ఉన్న ముక్క కోయించుకోండి. మూడున్నర కిలోల లోపే ఉంటుంది కాబట్టి రోజూ దించి కడుక్కోవచ్చు. అదే కొలతలో రెండు సెంటీమీటర్ల కడప బండ అయితే బరువు రెట్టింపవుతుంది, నాలుగు రోజులకే కడగడం మానేస్తారు. పలకరాయికి ఉన్న ఒకే ఒక్క చిక్కు, ఎండలో కాలిపోతుంది. ఉదయం ఎనిమిది తర్వాత నీడ పడేచోట పెట్టండి.

రెండంగుళాల జీఐ పైపు ఏడడుగులది తీసుకుని, రెండడుగులు కాంక్రీటులో పాతండి. పైన ఐదడుగుల ఎత్తున, పలక కూర్చునేలా యాంగిల్ ఫ్రేము వెల్డింగ్ చేయించండి. ఫ్రేము లోపలి కొలత పలక కన్నా అర సెంటీమీటరు ఎక్కువుంటేనే పలక సులువుగా పైకి వస్తుంది. ఒక పక్కకు సెంటీమీటరు వాలు ఇవ్వండి, నీళ్లు నిలవవు. పైపు మధ్యలో రెండడుగుల పొడవు నున్నటి జింకు రేకు చుట్టి బిగిస్తే పిల్లి, ఉడత ఎక్కలేవు. అడుగున పైపు చుట్టూ గ్రీజు పట్టీ రాస్తే చీమలు రావు. గ్రీజు ఎండలకు కారిపోతుంది, వేసవిలో వారానికోసారి చూసుకోవాలి.

స్తంభం ఎక్కడ పాతాలి అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. కాకి నేరుగా పలక మీదికి దిగదు. ముందు ఒక కొమ్మ మీదో, కొబ్బరిమట్ట మీదో, మిద్దె పిట్టగోడ మీదో వాలి, చూసి, అప్పుడు దిగుతుంది. ఆ వాలేచోటు పలకకు నాలుగైదు మీటర్ల దూరంలో ఉండాలి, మీరు కూర్చునే కిటికీలోంచి రెండూ కనబడాలి. బట్టల దండెం, నీళ్ల సంపు, పక్కింటివాళ్ల స్కూటరు, ఇవేవీ ఆ దారి కింద ఉండకూడదు. కాకి ఎగిరే ముందు రెట్ట వేయడం మామూలు. పక్కింటితో తగువులు సగం ఇక్కడే మొదలవుతాయి.

నీళ్లకు రెండు మట్టి మూకుళ్లు కావాలి. కాకి ఎండురొట్టె ముక్కనో, ఎముకనో నీళ్లలో ముంచి నానబెట్టుకుని తింటుంది. గంటలో ఆ నీళ్లు కుడితిలా అవుతాయి. అందుకే కాకుల మూకుడు పలకకు ఒక మీటరు దూరంలో, చిన్నపిట్టల మూకుడు పెరటికి ఇంకో కొసన పెట్టండి. లోతు నాలుగు సెంటీమీటర్లు చాలు, మధ్యలో ఒక రాయి. రెండింటికీ రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే దోమల పిల్లలు తయారవుతాయి.

పిచ్చుకల పంక్తి విడిగా

పిచ్చుకలకు, జీనువాయిలకు గింజల పళ్లెం కన్నా వరికుచ్చు మేలు. నెల్లూరు డెల్టాలో మార్చి, ఏప్రిల్‌లో కోతలప్పుడు కంకులు తెచ్చుకుని, కుచ్చు కట్టి వసారా దూలానికి వేలాడదీయండి. ఊగే కుచ్చు మీద కాకి నిలవలేదు, గింజ ఒలుచుకునే ఓపికా దానికి లేదు. పళ్లెమే పెట్టాలనుకుంటే దాని చుట్టూ నాలుగు సెంటీమీటర్ల కన్నుల వెల్డెడ్ మెష్‌తో పంజరంలా కట్టండి. మెష్ అంచుకు, పళ్లేనికి మధ్య కనీసం 12 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. తక్కువైతే కాకి బయట నిలబడే తల దూర్చి తినేస్తుంది.

పిచ్చుక గూడుపెట్టె ఉంటే దాని రంధ్రం 32 మిల్లీమీటర్లు మించకూడదు, కాకుల పలకకు దూరంగా ఉండాలి. గువ్వ, పిగిలిపిట్ట, తేనెపిట్ట మీ పెరట్లోనే గూడు కట్టాయంటే పిల్లలు ఎగిరిపోయే దాకా పలక ఖాళీగా ఉంచండి. కాకి గుడ్లు, కూనలు ఎత్తుకుపోతుంది. దాన్ని మేత పెట్టి అక్కడికి పిలిచింది మనమే అవుతాం.

మేత ఎంత, ఎప్పుడు

రోజుకు 50 గ్రాములు. అంటే ఒక పిడికెడు అన్నం, లేదా నిమ్మకాయంత సంగటి ముద్ద, లేదా ఉడికించిన గుడ్డు ఒకటి. ఉప్పు, పులుపు, కారం, నూనె తగిలింది ఏదీ వద్దు. పచ్చడి కలిపిన అన్నం, మిక్చరు, చిప్స్, పాచిపోయిన కూర, కోళ్ల అంగడి వ్యర్థం అసలే వద్దు. పచ్చిమాంసం పెడితే గద్దలు దిగుతాయి, వాటి వెనకే కుక్కలు. కాకుల్ని కొట్టి గద్దలకు వేసినట్టే అవుతుంది.

సూర్యోదయమైన ఇరవై నిమిషాలకు పెట్టండి. మన దగ్గర జూన్‌లో 5:45కు అటూఇటుగా, జనవరిలో 6:40కు అటూఇటుగా పొద్దు పొడుస్తుంది కాబట్టి గడియారాన్ని కాక పొద్దును పట్టుకోండి. ఇరవై నిమిషాల తర్వాత మిగిలిన మేత తీసేసి పలక కడిగేయండి. మధ్యాహ్నం దాకా వదిలేస్తే పగలు ఈగలు, రాత్రి ఎలుకలు.

"కా కా" అని పిలవకండి. పిండం పెట్టేటప్పుడు పిలిచే అలవాటు మనకుంది. కానీ రోజూ పిలిస్తే కాకి మీ గొంతుకు వస్తుంది, మేతను తనంతట తాను ఎలా కనిపెడుతుందో మీకు తెలియదు. చప్పుడు చేయకుండా పెట్టి లోపలికి రండి. పెట్టే మనిషిని మాటిమాటికీ మార్చకండి. కాకులు మనిషి మొహాన్ని గుర్తుంచుకుంటాయి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో ఒక ముసుగు తొడుక్కుని ఏడు కాకుల్ని పట్టి వదిలింది. ఆ తర్వాత ఎవరు ఆ ముసుగు తొడుక్కుని తిరిగినా ఏళ్ల తరబడి అక్కడి కాకులు మీదపడి అరిచాయి. అవి అమెరికా కాకులు, మనవి వేరే జాతి. అయినా మన పెరట్లో కూడా కొత్త మనిషి పెట్టిన రోజు కాకి దిగడానికి ఎంత ఆలస్యం చేస్తుందో సెకన్లు లెక్కపెట్టి చూడండి.

కూర్చోవడం, చూడటం

పలకకు ఎనిమిది, పది మీటర్ల దూరంలో, కిటికీ వెనక, వెలుతురు మీ వెనక నుంచి పడకుండా కూర్చోండి. మీ నీడ కిటికీలో కదిలితే కాకి ఆగిపోతుంది. బైనాక్యులర్ ఉంటే 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు, లేకపోయినా ఈ దూరానికి కళ్లు సరిపోతాయి. చేతిలో నోటుబుక్కు, సెకన్లు చూపించే గడియారం. ఫోను వీడియోకు బాగానే ఉంటుంది గానీ వీడియో తీస్తున్నవాళ్లు చెట్టు మీద ఏం జరుగుతోందో చూడరు. మొదటి రెండు వారాలు ఫోను పక్కన పెట్టండి.

మొదటి కాకి దిగడాన్ని నెమ్మదిగా చూడండి. కొమ్మ మీద తల ఒక పక్కకు వంచుతుంది, మళ్లీ రెండో పక్కకు. కాకాసురుడి కథ చెప్పి కాకికి ఒకటే కన్ను అంటారు మనవాళ్లు. అది ఈ వంపు చూసి పుట్టిన మాటలాగే ఉంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉన్నాయి కాబట్టి ఒక్కో కంటితో మార్చి మార్చి చూసుకుంటుంది. తర్వాత పలక అంచున వాలుతుంది, నడిమధ్యన కాదు. నేరుగా నడవదు, పక్కవాటుగా రెండు గెంతులు గెంతుతుంది. మెడ సాచి, మెతుకును ముక్కుతో తాకి, వెనక్కి ఎగిరి గెంతుతుంది. ఏమీ కాలేదని తేలాక మళ్లీ ముందుకు వచ్చి ఒక్కటొక్కటిగా కాక గబగబా నింపుకుంటుంది. అప్పుడు గొంతు కింద చూడండి, చిన్న సంచిలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఉందంటే అది తినడం లేదు, మోసుకుపోతోంది. గూట్లో పిల్లలకైనా కావాలి, దాచడానికైనా కావాలి. ఎటు పోయిందో చివరిదాకా చూపుతో వెంటపడండి.

దాచడం చూడగలిగితే ఆ రోజుకు అదే పండగ. పెంకుల సందులోనో, పూలకుండీ మట్టిలోనో ముక్కుతో గుచ్చి పెట్టి, రెండుమూడు పోట్లు పొడిచి, పక్కనున్న ఆకునో మట్టిబెడ్డనో తెచ్చి పైన కప్పుతుంది. ఇంకో కాకి చూస్తుంటే తీసి వేరేచోటికి మార్చడం కూడా కనబడొచ్చు. ఎక్కడ దాచిందో గుర్తు రాసుకుని, తర్వాత వచ్చి తీసుకుందా, ఎన్ని గంటలకు, అన్నది చూడండి. మీరు మాత్రం దాన్ని కదపకండి.

రాయడానికి ఒక పద్ధతి. ఐదు నిమిషాలకోసారి పెరడంతా ఒక చూపు చూసి, పలక మీద ఎన్ని, చెట్టు మీద ఎన్ని, నేల మీద ఎన్ని అని వేయండి. మధ్యలో ఒకే కాకిని ఎంచుకుని ఒక నిమిషం పాటు అది చేసిందంతా వరుసగా రాయండి. నమూనాకు ఇలా:

6:14. ఊరకాకి 1, కొబ్బరిమట్ట మీద. తల వంచి చూపు, మూడుసార్లు.
6:15. పలక అంచున దిగింది. తాకింది, వెనక్కి గెంతింది. మళ్లీ తాకింది.
6:15. రెండో కాకి దిగింది, మెడ ఈకలు లేపింది. మొదటిది పలక దిగి నేల మీదికి.
6:16. మొదటిది నేల మీద మెతుకులు ఏరుతోంది. రెండోది గొంతు నింపుకుని వేపచెట్టు వైపు.

ఇందులో "భయపడింది", "రౌడీ కాకి", "పాపం" అన్న మాటలు లేవు. ఒళ్లు ఏం చేసిందో రాయండి, మనసులో ఏముందో రాయకండి. రెండోది దిగితే మొదటిది తప్పుకోవడం ఇరవై సార్లు రాశాక, ఏది ఎవరికి దారి ఇస్తోందో లెక్కే చెబుతుంది. రెండుసార్లు చూసి పెద్దరికం తేల్చేయకండి.

అయితే ఏ కాకి ఏదో ఎలా తెలుస్తుంది? మొహం చూసి గుర్తుపట్టాం అనుకునేవాళ్లు ఎక్కువగా పొరబడతారు. శరీరం మీద చెరగని గుర్తు ఉన్నదానికే పేరు పెట్టండి: గాలిపటం దారం చుట్టుకుని తెగిన కాలివేలు, కొస విరిగిన ముక్కు, ఒంకరగా మూసుకునే రెక్క. ఊడిన ఈకల సందు కూడా గుర్తే, కానీ ఈకలు రాల్చే కాలంలో అది వారాల్లో మారిపోతుంది, తేదీ వేసి వాడుకోండి.

చేసి చూడదగ్గవి రెండు

మూడు మేతలు, ఇరవై సెంటీమీటర్ల ఎడంతో: ఒక చెంచా అన్నం, గుడ్డు ముక్క, పెంకుతో ఉన్న వేరుశనక్కాయ. ఏది ముందు తీసిందో పది రోజులు రాయండి. రోజూ వాటి స్థానాలు మార్చాలి. మార్చకపోతే కాకి గుడ్డును ఇష్టపడి తీసిందో, ఎగిరిపోవడానికి వీలైన అంచున ఉందని తీసిందో తేలదు.

రెండోది కొత్త వస్తువు. మామూలు మేత పక్కన అడుగు దూరంలో ఎర్ర ప్లాస్టిక్ మగ్గు పెట్టి, మేత పెట్టిన క్షణం నుంచి మొదటి ముక్కు తాకే దాకా సెకన్లు లెక్కించండి. అంతకుముందు ఐదు రోజులు మగ్గు లేకుండా అదే లెక్క తీసి ఉంచుకోవాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. మగ్గును ఐదు రోజులు అలాగే ఉంచి, ఆలస్యం ఎన్నో రోజుకు తగ్గిందో చూడండి.

భాద్రపద బహుళంలో మహాలయ పక్షాల రోజుల్లో, ముఖ్యంగా అమావాస్య నాడు, ఈ పరీక్షలు పెట్టుకోకండి. ఇంటింటా మిద్దెల మీద విస్తళ్లు ఉంటాయి, మీ పలకను కాకి పట్టించుకోదు. రాకపోవడం కూడా ఒక లెక్కే కాబట్టి ఆ రోజు పక్కన "మహాలయం" అని రాయండి.

ఎండాకాలం, గూళ్లకాలం

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పలక మీద కన్నా చుట్టుపక్కలే ఎక్కువ చూడొచ్చు. కాకి పుల్లలతో పాటు ఇనుప తీగ ముక్కలు మోసుకుపోతుంది. ఊరకాకి సాధారణంగా నాలుగైదు గుడ్లు పెడుతుంది, నీలి ఆకుపచ్చ మీద గోధుమరంగు చుక్కలు. కరెంటు స్తంభం మీద గూడు కడితే లైన్‌మన్‌కు చెప్పండి, మీరు కర్ర పట్టుకుని వెళ్లకండి. గూడున్న చెట్టు కింద నడిస్తే కాకి వెనక నుంచి వచ్చి తల మీద తన్నుతుంది. ముందు నుంచి రావడం అరుదు. ఆ నెల్లాళ్లూ గొడుగు వేసుకుని పోండి, గొడవే లేదు.

కోకిల ఈ కాలంలోనే కాకిగూట్లో గుడ్లు పెడుతుంది. నల్లటి మగకోకిల గూడు దగ్గర కూసి కాకుల్ని తన వెంట పరిగెత్తిస్తుంటే, చుక్కల ఒంటి ఆడకోకిల సందు చూసుకుని గూట్లో దూరుతుంది. కాకులు గుంపుగా కోకిలను తరిమితే దగ్గర్లో గూడుందని అర్థం. జూన్, జూలైలో పలక దగ్గర కాకి ఒక పక్షి నోట్లో మేత పెడుతుంటే ఆ పక్షి తోకను చూడండి. తోక పొడవుగా, ఒళ్లు సన్నగా ఉంటే అది కోకిల పిల్ల కావచ్చు.

రోహిణి కార్తె మధ్యాహ్నాల్లో కాకి నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి రొప్పుతుంది. అది జబ్బు కాదు, ఒళ్లు చల్లబరుచుకోవడం. నీళ్లు నింపి పెట్టండి, మేత మాత్రం ఉదయానికే పరిమితం చేయండి. నేల మీద పడ్డ పిల్లకాకిని ఇంట్లోకి తేకండి. ఒంటికి దెబ్బ లేకపోతే దగ్గర్లో కొమ్మ మీద పెట్టి తప్పుకుంటే తల్లిదండ్రులే చూసుకుంటాయి.

తేడా వస్తే

కాకులు ఒక్కసారిగా పదిహేను దాటాయంటే మీరు ఎక్కువ పెడుతున్నారు, లేదా పక్కింటివాళ్లు కూడా పెడుతున్నారు. వారం రోజులు రోజు విడిచి రోజు 30 గ్రాములే పెట్టండి, గుంపు పలచబడుతుంది. కోతులు వచ్చాయంటే రెండు వారాలు పూర్తిగా ఆపేయడం తప్ప దారి లేదు. కొండల పక్క ఊళ్లలో ఇది మామూలే.

కాకి కాళ్ల మీద, కళ్ల చుట్టూ కురుపుల్లాంటి కాయలు కనబడితే మేత ఆపండి. పలక, మూకుళ్లు బ్రష్‌తో తోమి, లీటరు నీటికి చెంచా బ్లీచింగ్ పౌడర్ కలిపి పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, ఎర్రటి ఎండలో ఆరబెట్టండి. రెండు వారాల తర్వాతే మళ్లీ మొదలు.

కాకులు చచ్చి పడితే, అందులోనూ ఒకటికి మించి పడితే, చేత్తో ముట్టవద్దు, పిల్లల్ని, కుక్కల్ని దగ్గరకు రానివ్వద్దు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ తేలింది. అది అడవిపక్షులకూ సోకే జబ్బు. దగ్గరి పశువైద్యశాలకు ఫోను చేసి, ఎక్కడ, ఎన్ని, ఏ రోజు అన్నది చెప్పండి. మీ నోటుబుక్కు అప్పుడు పనికొస్తుంది: మామూలుగా రోజూ ఎన్ని వచ్చేవో, ఎప్పటి నుంచి తగ్గాయో అందులో ఉంటుంది.

కాకిని కొట్టడం, విషం పెట్టడం గురించి ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకిని హానికర జంతువుల జాబితాలో, అంటే ఐదో షెడ్యూలులో, ఉంచారు. 2022 సవరణలో ఆ షెడ్యూలునే తీసేశారు, ఆ జాబితా సాకు ఇక చెల్లదు.

సాయంత్రం లెక్క

పలకతో పాటు వారానికోసారి సాయంత్రం మిద్దె ఎక్కండి. పొద్దు గుంకడానికి అరగంట ముందు నుంచి కాకులు రాత్రి మకాం వేసే చెట్ల వైపు వరసగా పోతాయి. మీ మిద్దె మీద ఒక గీత ఊహించుకోండి, రెండు కొబ్బరిచెట్ల మధ్య అనుకోండి, ఆ గీత దాటినవాటినే లెక్కించండి. విడిగా పోయేవాటిని ఒక్కటొక్కటిగా, గుంపుగా పోయేవాటిని పదుల్లో. ముందు ఒక పదిని కచ్చితంగా లెక్కపెట్టి, ఆ పది ఆకాశంలో ఎంత చోటు పట్టిందో చూసుకుని, అదే కొలతతో మిగతావి అంచనా వేయండి. దిక్కు కూడా రాయండి.

ఈ లెక్కలు ఈ-బర్డ్‌లో, అంటే పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, చేర్చవచ్చు. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కు కనీసం 15 నిమిషాలు చూసి పంపితే చాలు. అందులో ఎన్నో తెలియనప్పుడు సంఖ్య బదులు ఎక్స్ గుర్తు పెట్టే వీలుంది. కాకుల దగ్గర ఆ గుర్తు వాడకండి. 7 అయితే 7 అని వేయండి.